ముక్కంటి చూపిన ఒడ్డు

సరుగుడుపాలెంలో ఆడవాళ్ళు పొద్దున్నే లేచి సముద్రం వంక చూడడం మానేసి చాలా ఏళ్ళయింది. సముద్రం సంగతి ఇంటి గోడే చెబుతుంది. కాఫీ పొయ్యి మీద పెట్టి, "ఒరే సరంగూ, ఈయేళ ఎలగున్నాదిరా?" అని ఒక కేక వేస్తే చాలు. గుమ్మం పక్కన బిగించిన అరచేతంత పలక వెలుగుతుంది. ఎక్కడ నీరు నెమ్మదిగా ఉందో, ఎక్కడ అడుగున కదులుతోందో, ఎవరి బోటు ఎంత దూరంలో ఉందో ఇంట్లో మనిషిలా చెప్పుకుపోతుంది. పాలెం వాళ్ళ మాటలు వినీ వినీ దానికీ వాళ్ళ యాస అంటుకుంది. పిల్లలు దాన్ని వెక్కిరిస్తారు. ముసలమ్మలు దానితో తగువు పెట్టుకుంటారు. అది మాత్రం ఎవరినీ పల్లెత్తు మాట అనదు.

ఆ పాలెం ఇప్పుడున్నది మూడో చోట. మొదటి రెండు చోట్లనూ సముద్రం తీసేసుకుంది. మూడోసారి మనుషులు కాస్త తెలివి తెచ్చుకుని సిమెంటు కాళ్ళ మీద ఇళ్ళు కట్టుకున్నారు. పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఇళ్ళ కిందికి వచ్చి వెళ్ళిపోతాయి. చేపలు కూడా పూర్వంలా దగ్గర్లో దొరకవు. నీరు వేడెక్కిపోయి అవి లోతుకి, దూరానికి పోయాయి. బోట్లూ వాటి వెనకాలే పోవాలి. ఎండ తాగి నడిచే తెరచాపలున్నాయి, చుక్కాని తిప్పడానికి సరంగు ఉంది. అన్నీ ఉన్నాయి గాని, ఆ దూరాల్లో కొత్త గండం ఒకటి పుట్టింది. శాస్త్రజ్ఞులు దానికి 'అడుగుసుడి' అని పేరు పెట్టారు. పైన నీరు అద్దంలా ఉంటుంది. కింద వేడినీరూ చన్నీరూ ఒకదాని మీద ఒకటి పొర్లుతూ పెద్ద గుంటలా తిరుగుతుంటాయి. ఉన్నట్టుండి ఆ గుంట పైకి నోరు తెరుస్తుంది. శాటిలైట్లు పైనుంచి చూస్తాయి కాబట్టి వాటికి ఆ అద్దమే కనిపిస్తుంది.

అందుకే ముక్కంటి పుట్టింది. అది ఒక పటం, తనంతట తానే మారుతూ ఉండే పటం. సరంగు దాని గొంతు. దానికి మూడు కళ్ళు. మొదటి కన్ను కాలేజీ విద్యార్థులది. వాళ్ళు కొబ్బరికాయంత సెన్సర్లను నీళ్ళలో వదిలి నీటి నాడి చూస్తారు. వాటిని అందరూ 'నాడిగుండ్లు' అంటారు. రెండో కన్ను విలేకరులది. ఏ బోటుకి ఏం జరిగిందో ఇల్లిల్లూ తిరిగి, అడిగి, సరిచూస్తారు. మూడో కన్ను పాలెం పెద్దది. మనుషుల సంగతి ఆ పెద్దకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ ముగ్గురూ కలిసి ఒక ఇత్తడి పలక మీద చేతులు పెడితేనే ఏ సంగతైనా పటంలోకి ఎక్కుతుంది. గండం ఉన్న చోటు ఎర్రగా, ఒడ్డు పచ్చగా, ఏ గండమూ తెలియని చోటు తెల్లగా కనిపిస్తుంది.

ముగ్గురెందుకంటే, ఒక్కొక్కరికీ అప్పజెప్పి చూశారు మరి. విద్యార్థుల చేతికిస్తే, పరీక్షలు దగ్గర పడినప్పుడల్లా సముద్రం మహా ప్రశాంతంగా ఉండేది. విలేకరుల చేతికిస్తే రోజూ ప్రళయమే. పెద్దల చేతికిస్తే, చేపలు బాగా పడే చోటల్లా పక్క పాలెం వాళ్ళకి గండంగా తేలేది. దాంతో ముక్కంటిని తయారుచేసినవాళ్ళు బాగా ఆలోచించి, ముగ్గురి స్వార్థాలూ మూడు దారులు కాబట్టి ముగ్గురూ కలిసి ఒకే అబద్ధం ఆడరని లెక్కవేశారు. ఒకరు ఇంకొకరి చెయ్యి పట్టుకుని బలవంతంగా పెట్టించకుండా, నాడి చూసి పసిగట్టే ఏర్పాటు కూడా ఆ పలకలో పెట్టారు. ఇంతకంటే జాగ్రత్త ఎవరు పడతారు?

సరుగుడుపాలెం పెద్ద గరికిన అప్పలకొండ. డెబ్భైకి దగ్గర పడింది. మనిషి సన్నగా రివటలా ఉంటుంది గాని, మాటంటే మాటే. వలల తగువైనా, మొగుడూ పెళ్ళాల తగువైనా ఆవిడ గుమ్మంలోనే తెగుతుంది. ఆవిడకి ఒక్కడే కొడుకు, ఎల్లాజీ. పన్నెండేళ్ళ కిందట బోటు వేసుకుని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అప్పటికి కోడలు ముత్యాలు కాపురానికి వచ్చి ఏడాదైనా కాలేదు.

పాలెంలో తాతల నాటినుంచీ ఒక కట్టు ఉంది. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి శవం ఒడ్డుకి రానంతవరకూ, పోయాడన్న మాట ఎవరూ నోటితో అనకూడదు. అంటే నిజంగా పోతాడు. ఆ మాట అనే అధికారం పెద్దకి ఒక్కరికే ఉంది. పెద్ద అనేదాకా పెళ్ళాం గాజులు తియ్యదు, బొట్టు చెరపదు. రోజూ సాయంత్రం ఒక చెంబెడు మంచినీళ్ళు తెచ్చి అలలో పోస్తుంది. నడిసముద్రంలో ఉన్నవాడికి ముందు దాహమే వేస్తుంది కదా.

ఎల్లాజీ సంగతి పటంలోకి ఎక్కించాల్సిన రోజు సరంగు మూడు మాటల్లో ఏదో ఒకటి చెప్పమంది. వచ్చాడా, పోయాడా, వేరే ఒడ్డున ఉన్నాడా? ఆ మూడోమాట ఊరికే పుట్టలేదు. ఆ రోజుల్లో నేల మునిగిపోయిన దేశాలవాళ్ళు పాత ఓడలన్నీ ఒకదానికొకటి కట్టుకుని సముద్రం మీదే ఊళ్ళు చేసుకుని తిరిగేవారు. ఎవరైనా తరిమేస్తారేమోనని శాటిలైట్లకి కనపడకుండా దాక్కునేవారు. దారి తప్పిన పల్లెవాళ్ళని వాళ్ళు చేరదీసిన సందర్భాలున్నాయి. పక్క పాలెం మనిషొకడు అలా నాలుగేళ్ళుండి, తెలియని భాష ఒకటి నేర్చుకుని మరీ తిరిగొచ్చాడు. అందుకని ఒడ్డు సంగతిలో మాత్రం శాటిలైటు మాట పక్కనపెట్టి, మనుషుల మాటే నమ్మమని ముక్కంటికి నేర్పారు.

ఆ రోజు అప్పలకొండ పక్కన ముత్యాలు నిలబడి ఉంది. ఏడవడం లేదు, అత్తగారి నోటివంక చూస్తోంది. అప్పలకొండ ఇత్తడి పలక మీద చెయ్యి పెట్టి, "వేరే ఒడ్డునున్నాడు" అంది. విలేకరి సన్నిబాబు అప్పటికి కుర్రవాడు. బోటు ముక్కలు దొరికాయని అతనికి తెలుసు. ముత్యాలు మొహం చూసి, నోరు మెదపకుండా చెయ్యి పెట్టేశాడు. అప్పటి విద్యార్థి కూడా తన నాడిగుండ్లు చెప్పిన మాట మింగేసి చెయ్యి పెట్టాడు. ముగ్గురూ కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చారు. మంచిపని చేశామనే అనుకున్నారు.

పన్నెండేళ్ళ తరవాత ఒక పొద్దున నిహిత అనే అమ్మాయి వచ్చి ఆ సంగతి కదిపింది. ఇప్పుడు మొదటి కన్ను ఆమెదే. సముద్రశాస్త్రం చదువుతోంది, మాట కటువు, పని మీద ప్రాణం. పాలెం మధ్యలో పూర్వం చేపల వేలం వేసిన షెడ్డునే ముక్కంటికి ఇచ్చారు. అక్కడ గోడంతా పటం పరుచుకుని ఉంటుంది. నిహిత, సన్నిబాబుని కూడా వెంటబెట్టుకొచ్చి, అప్పలకొండని అక్కడికి పిలిపించి, పటంలో దూరంగా ఉన్న ఒక చిన్న పచ్చమచ్చ చూపించింది.

"మామ్మగారూ, ఇదేమిటో తెలుసా?"

"పచ్చగా ఉన్నాది, ఒడ్డు కదేటి?"

"ఒడ్డే. మన సరంగు అలాగే అనుకుంటోంది. అక్కడికి మూడుసార్లు నాడిగుండ్లు వదిలాను. ఒక్కటీ తిరిగి రాలేదు. అక్కడ నేలా లేదు, ఓడల ఊరూ లేదు. ఈ తీరంలో దాన్ని మించిన సుడి లేదు."

నిహిత గోడవైపు తిరిగింది. "సరంగూ, గరికిన ఎల్లాజీ ఎక్కడున్నాడు?"

"ఏరే ఒడ్డునున్నాడమ్మా," అంది సరంగు.

"ఆ ఒడ్డు ఎక్కడుంది?"

పచ్చమచ్చ ఒకసారి వెలిగి ఆరింది. "ఇదిగో, ఇక్కడున్నాది. ఎల్లాజీ బాబు ఎల్నాడు, తరవాత చానామంది ఎల్నారు. అందరి దారులూ కలిపి సూస్తే ఇక్కడికే వస్తన్నాయి. మంచి ఒడ్డమ్మా. అక్కడికెల్నోళ్ళు ఒక్కరూ పోలేదు."

సన్నిబాబు తల దించుకున్నాడు. నెత్తిన సగం జుట్టు తెల్లబడిందతనికి. నిహిత గొంతు తగ్గించింది. "ఎల్లాజీగారి తరవాత అటు వెళ్ళి రానివాళ్ళందరికీ మీరు ఇదే మాట చెప్పారు మామ్మగారూ. సన్నిబాబుగారు చెయ్యి పెట్టారు. నాకు ముందున్న విద్యార్థులూ పెట్టారు. సరంగుకి ఏం తెలుసు? ఇంతమంది చేరిన ఒడ్డు అనుకుంది. పోయినేడాది తుఫానులో రెండు బోట్లు దారి తప్పితే, దగ్గర్లో ఉన్న ఒడ్డుకి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళింది ఇక్కడికే."

ఆ రెండు బోట్లలోవాళ్ళ పేర్లు అప్పలకొండకి తెలుసు. వాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళి, వేరే ఒడ్డునున్నారు, ధైర్యంగా ఉండండని చెప్పి వచ్చింది. ఆవిడ అక్కడే ఉన్న చేపల బుట్ట మీద కూలబడింది.

"స్వార్థం రాకుండా తలుపులన్నీ బిగించారు," అన్నాడు సన్నిబాబు ఎవరితోనో అన్నట్టు. "జాలి దొడ్డిదారిన వస్తుందని ఎవరనుకుంటారు? ముగ్గురం కలిసి ఒకే అబద్ధం ఆడామమ్మాయ్. ముగ్గురిలో ఎవరికీ అందులో పైసా లాభం లేదు."

"అది దిద్దాలంటే మళ్ళీ మూడు చేతులూ కావాలి," అంది నిహిత. "నా చెయ్యి ఇదిగో. ఇప్పుడే దిద్దేద్దాం. నిజం నిజమే కదా మామ్మగారూ?"

అప్పలకొండ గోడమీది పచ్చమచ్చ వంక చాలాసేపు చూసింది. దాన్ని చెరపాలంటే కొడుకు పోయాడని తన నోటితో అనాలి. ఒక్క కొడుకా? పాలెంలో ఎన్ని ఇళ్ళు, ఎంతమంది గాజుల చేతులు! ఏ మాట ఎక్కినా సరంగు వెంటనే ప్రతి ఇంట్లోనూ, ప్రతి బోటులోనూ చదివి వినిపిస్తుంది. మరి అంతమంది పెళ్ళాలకి ముందుగా ఒక మాట చెప్పొద్దా?

"రేపు సూద్దాంలేమ్మా," అంది.

"మామ్మగారూ..."

"రేపు సూద్దాం. ఒక్క పూటలో ఏటైపోద్ది?"

లేచి గుమ్మంవైపు తిరిగేసరికి ముత్యాలు అక్కడ నిలబడి ఉంది. అత్తగారికి చద్దన్నం తెచ్చింది. గిన్నె చేతిలోనే ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. నిహిత గొంతు తగ్గించాక వాళ్ళు అనుకున్నదేదీ ఆమె చెవిన పడలేదు. సరంగు గట్టిగా చెప్పింది మాత్రం పడింది. పన్నెండేళ్ళుగా ఆ ఒడ్డు ఎక్కడుందో సరంగుని అడగొచ్చని ఆమెకీ తోచలేదు, పాలెంలో ఇంకెవరికీ తోచలేదు. ఆమె కళ్ళు ఆ పచ్చమచ్చ మీదే ఉన్నాయి. మొహం ఎంత వెలిగిపోయిందంటే, అప్పలకొండ చూడలేక తల తిప్పుకుంది.

దారిలో ముత్యాలు అడిగింది. "అంత దగ్గరేటత్తా? రెండు రోజుల దారేగా?"

"ఊరుకోయే. తిన్నాక మాటాడుకుందాం," అంది అప్పలకొండ. తిన్నాక నిద్ర వస్తోందని పడుకుంది. చెప్పాలని నాలుకదాకా వచ్చిన మాట సాయంత్రందాకా మింగుతూనే ఉంది. సాయంత్రం ముత్యాలు చెంబుతో నీళ్ళు తీసుకుని అలలదాకా వెళ్ళింది గాని, ఆ రోజు నీళ్ళు పొయ్యలేదు. చెంబు అలాగే ఇంటికి తెచ్చింది. ఎందుకే అంటే, "ఉండనీ అత్తా, పనుంది," అని నవ్వింది.

తెల్లారేసరికి ఇంటి బోటు లేదు. ముత్యాలు లేదు. చెంబూ లేదు.

అప్పలకొండ షెడ్డుకి ఎలా చేరిందో ఆవిడకే తెలియదు. నిహిత, సన్నిబాబు అప్పటికే అక్కడున్నారు. గోడమీద ఒక చుక్క పచ్చమచ్చవైపు పాకుతోంది. సరంగు చెప్పింది. "ముత్యాలమ్మ రాతిరే ఎల్నాదమ్మా. ఎల్లాజీ బాబు సేరిన ఒడ్డుకి తీసుకెల్లమన్నాది. గాలి బాగున్నాది. రేపు మద్దేనానికి సేరిపోద్ది."

"తిప్పరా! ఎనక్కి తిప్పు!" అంది అప్పలకొండ.

"ఎందుకమ్మా? ఒడ్డుకే కదా ఎల్తన్నాది. అక్కడ గండం ఉన్నాదని నాకెవరూ సెప్పలేదు."

నిహిత ఇత్తడి పలక ముందుకి జరిపింది. ఆమె కన్నీళ్ళు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. కానీ చెయ్యి మాత్రం పలక మీద నిబ్బరంగా పెట్టింది. పక్కన సన్నిబాబు పెట్టాడు. అప్పలకొండ పలక మీద చెయ్యి ఆనించి నోరు తెరిచింది. మాట రాలేదు. కన్న కడుపు అది. ఆ మాట అంటే నిజంగా పోతాడన్న భయం ఇన్నేళ్ళ తరవాత కూడా ఎక్కడో ఉంది. గోడమీద చుక్క ఇంకాస్త ముందుకి పాకింది.

"అక్కడ ఒడ్డు నేదు," అంది చివరికి. "నాను అబద్ధమాడినాను. నా కొడుకు పోనాడు."

లెక్క రాసుకునేటప్పుడు మాత్రం సరంగు యాస వదిలేస్తుంది. "గరికిన ఎల్లాజీ, సముద్రంలో మరణం. ఈ ఒడ్డు మీద ఇంకా చాలామంది పేర్లున్నాయి. వారి సంగతి?"

అప్పలకొండ కళ్ళు మూసుకుంది. "ఆల్లూ పోనారు. అందరూ పోనారు."

సరంగు పేర్లు చదవడం మొదలుపెట్టింది. షెడ్డులో చదివినవే ఇంటింటి పలకా చదివింది. ముందు ఒక ఇంట్లోంచి కేక వినపడింది. తరవాత ఇంకో ఇంట్లోంచి. అలా వరసగా పాలెం ఆ కొసనుంచి ఈ కొసదాకా ఏడుపు పాకిపోయింది. కాఫీ పొయ్యిల మీద పాలు పొంగిపోయాయి, చూసుకున్నవాళ్ళు లేరు. ఆ పేర్లన్నీ అయ్యేసరికి గోడమీద పచ్చమచ్చ ఎర్రగా మారింది. పన్నెండేళ్ళు మనుషులు దాచుకున్న నిజాన్ని ఆ యంత్రం ఒక్క నిమిషంలో ఒప్పుకుంది. దానికి దుఃఖం లేదు, మొహమాటం లేదు.

"ముత్యాలమ్మ బోటు తిప్పుతన్నాను," అంది సరంగు.

ముగ్గురూ ఊపిరి పీల్చుకునేలోపలే అది మళ్ళీ మాట్లాడింది. "ముత్యాలమ్మ సుక్కాని తన సేతుల్లోకి తీసీసుకున్నాది."

బోటు ఎప్పటికీ మనిషి మాటే వినాలన్నది పల్లెవాళ్ళు మొదటిరోజే పెట్టిన షరతు. యంత్రం ఎంత తెలివైనదైనా చుక్కాని మనిషిదే. ఆ షరతు కోసం పోరాడినవాళ్ళలో అప్పలకొండ కూడా ఉంది.

"ముత్యాలూ! ఇన్నావా? ఎనక్కి వచ్చీయే తల్లీ!"

గాలి చప్పుడులోంచి ముత్యాలు గొంతు వచ్చింది. కోపంగా ఉంది. ఆ గొంతులో అత్తగారి మీద కోపం వినడం పాలెంలో ఎవరికైనా అదే మొదటిసారి. "నన్ను తిప్పడానికి ఎంత మాట అనీసినావత్తా! కన్నకొడుకుని పట్టుకుని అనొచ్చేటి?"

"నిజమే సెప్తన్నానే! ఆడు పోనాడే. ఆ రోజే పోనాడు. నీ మొకం సూసి సెప్పలేకపోనాను."

"పన్నెండేళ్ళు నిజం సెప్పినదానివి, ఈయేళ అబద్ధమాడతావేటి?"

అప్పలకొండ సన్నిబాబు వంక చూసింది. అతను ముందుకి వచ్చి, బోటు ముక్కలు తన కళ్ళతో చూశానని చెప్పాడు. నిహిత సుడి సంగతి చెప్పింది, లెక్కలు చెప్పింది, బతిమాలింది. అవతలనుంచి కాసేపు గాలి చప్పుడే వచ్చింది. వింటోందనుకున్నారు.

"మీరంతా మంచోళ్ళు," అంది ముత్యాలు. గొంతులో కోపం పోయింది. "నాకేటైనా అయిపోద్దని మీ బయం. ఇక్కడ నీరు అద్దంలాగున్నాదత్తా. ఒక్క అల నేదు. నీ కొడుక్కి మంచినీల్లు కూడా తెచ్చినాను. నాను తీసుకొచ్చీస్తాను, నువ్వేడవకు."

సరంగుని ఆపేసిన చప్పుడు వినపడింది. ఆ తరవాత ఎన్ని కేకలు వేసినా ఉలుకూ పలుకూ లేదు. బోటు ఎక్కడుందో చెప్పే చుక్క ఒక్కటే మిగిలింది.

పాలెం మగవాళ్ళు, వెళ్ళగలిగిన ఆడవాళ్ళు బోట్లు తీసుకుని బయల్దేరారు. భర్త పోయాడని ఆ పొద్దున్నే విన్న ఇద్దరు కూడా వాళ్ళలో ఉన్నారు. ఎర్రమచ్చ అంచుదాకా వెళ్ళాక అక్కడ నీరు ఎలా సుళ్ళు తిరుగుతోందో కళ్ళారా చూశారు. ఇంక చుక్కాని తీసుకునే ధైర్యం ఎవరికీ రాలేదు. సరంగు మాట విని వెనక్కి తిరిగారు. నిజం తెలిశాక అంతే, ముందుకి వెళ్ళలేరు.

ముత్యాలు మాత్రం ఆ సుడిలో పడలేదు. ఆమె చుక్క దాని పక్కగా, వెంట్రుకవాసిలో దాటిపోయింది. ఒడ్డు ఉండాల్సిన చోట ఒడ్డు లేకపోయేసరికి ఇంకా ముందుంటుందనుకుంది కాబోలు. పటంలో ఎవరూ ఎప్పుడూ వెళ్ళని తెల్లచోటులోకి వెళ్ళింది. అక్కడ చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. వెతుకుతోందని గోడముందు కూర్చున్న అప్పలకొండకి తెలుస్తూనే ఉంది. మూడోరోజు ఎండ బాగా ఎక్కాక, ఆవిడ చూస్తుండగానే ఆ చుక్క ఆరిపోయింది.

పది రోజులు ఎదురుచూశారు. అప్పలకొండ ఇంటికి ఎవరూ రాలేదు. తిట్టడానికి కూడా రాలేదు. గాజులు తీసేసిన ఆడవాళ్ళు ఆవిడ ఎదురుపడితే పక్కకి తప్పుకునేవారు. ఒకామె మాత్రం ఆగి, "అప్పుడే సెప్పుంటే మా గుంటణ్ణి ఆ బోటెక్కనిచ్చేదాన్ని కాదు కదప్పా," అని నెమ్మదిగా అని వెళ్ళిపోయింది. ఆమె భర్త పోయింది మొదట్లో. కొడుకు పోయింది పోయినేడాది తుఫానులో.

గడువు అయ్యాక సరంగు ముగ్గురినీ పిలిచింది. అదే షెడ్డు, అదే ఇత్తడి పలక. "గరికిన ముత్యాలు. వచ్చిందా, పోయిందా, వేరే ఒడ్డున ఉందా?"

అప్పలకొండ ఈసారి ఆలస్యం చెయ్యలేదు. చెయ్యి పెట్టి, "పోనాది," అంది. సన్నిబాబు కూడా పెట్టాడు.

నిహిత చెయ్యి లేవలేదు.

ఆ పది రోజులూ ఆమె అప్పలకొండ ఇంట్లోనే ఉంది. ముసలావిడకి ఇంత వండిపెట్టి, ముత్యాలు చాప మీదే పడుకుంది. గోడకి వేలాడే ముత్యాలు చీర రోజూ చూస్తూనే ఉంది. మనిషి కళ్ళు లోపలికి పోయాయి.

"పెట్టమ్మా," అన్నాడు సన్నిబాబు.

"బాడీ దొరకలేదు కదండీ," అంది నిహిత.

"అమ్మాయ్..."

"బోటు ముక్క కూడా దొరకలేదు. అది తెల్లచోటు. అక్కడ సుడి ఉందని మనకేం తెలుసు? బోటు జాడ చెప్పే బిళ్ళ పాడైపోయి ఉండొచ్చు. ఓడల ఊరు వాళ్ళెవరైనా..." ఆమె అప్పలకొండవైపు తిరిగింది. "ఆవిడ వెళ్ళింది నావల్ల మామ్మగారూ. ఆ రోజు సరంగుని అడిగి చూపించింది నేనే. నేనే పోయిందని ఎలా చెప్పను?"

ఆ మొహం అప్పలకొండకి తెలిసిన మొహమే. పన్నెండేళ్ళ కిందట ఇదే పలక దగ్గర సన్నిబాబుకి ఉండేది. అంతకంటే ముందు తనకి ఉండి ఉంటుంది. అప్పుడు అద్దం చూసుకోలేదు గాని.

సరంగు యాస లేకుండా అంది: "రెండు చేతులే ఉన్నాయి. మూడోది వచ్చేవరకు ఈ సంగతి పటంలోకి ఎక్కదు. ఆ చోటు తెల్లగానే ఉంటుంది." తరవాత ఎప్పటి గొంతుతో, "రేపు అటేపు సేపలు బాగా పడతాయమ్మా. బోట్లకి సెప్పమంతారా?" అని అడిగింది.

అప్పలకొండ నిహిత చెయ్యి పట్టుకుంది. ఏం చెయ్యాలో ఆవిడకి తెలుసు. లోకంలో ఎవరికంటే బాగా తెలుసు. ఆ పిల్లకి నచ్చజెప్పాలి, ఒప్పించాలి, ఆ చెయ్యి పలక మీద పెట్టించాలి, ఇప్పుడే పెట్టించాలి. ఆ మణికట్టుకి ఒకే ఒక్క గాజు ఉంది. ముత్యాలు చేతికి వేసుకోగా గూట్లో మిగిలిన గాజు అది.

ముసలావిడ ఆ చెయ్యి మెల్లగా వదిలేసింది.

"పోనీలేమ్మా, ఏడవకు," అంది. "రేపు సూద్దాంలే."